లీటరు నీళ్లకి యాభై మిల్లీమీటర్ల వాన

కోపంలో ఉన్నప్పుడు కలం పట్టకూడదంటారు. నా కోపం తగ్గేదాకా ఆగితే ఇది ఈ జన్మలో రాయడం అవ్వదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. మాట కరుగ్గా ఉంటే సర్దుకోండి.

నేను ముప్పై నాలుగేళ్లు వాన కొలిచాను. విశాఖపట్నంలో ఒక వాతావరణ ఆఫీసులో అబ్జర్వరుగా చేరి, చివర్లో చుట్టుపక్కల మండలాల్లో వాన కొలిచేవాళ్లకి పని నేర్పుతూ రిటైరయ్యాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరి నెత్తిమీదెక్కి ఎవరు పైకి పోయారు, అవన్నీ ఇక్కడ రాయను. అవి చదివి మీకు ఒరిగేదేమీ లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి నాకు పని నేర్పిన ఒక బాస్ గురించి, నేను చేసిన రెండు తప్పుల గురించి, ఆ రెండో తప్పు వల్ల సత్యవతి అనే మనిషికి జరిగిన దాని గురించి చెప్పాలి. ప్రకృతి వైపరీత్యాల మీద పందాలు కాసే కొత్త బజారు ఒకటి వచ్చింది కదా, దాని సంగతి కూడా అందులోనే వస్తుంది.

పొద్దున్న ఎనిమిదిన్నర

మన ఉద్యోగం అంతా ఒక్క మాటలో చెప్పొచ్చు. పొద్దున్న ఎనిమిదిన్నర. పండగైనా, ఇంట్లో చావైనా, తుఫాను నెత్తిమీదున్నా, ఎనిమిదిన్నరకి నువ్వు వానగేజీ దగ్గర ఉండాలి. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా పడిందే ఇవాళ్టి వాన. గేజీ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. నేలలో సగం పాతిన డబ్బా, దానికి పైన గరాటు, లోపల ఒక సీసా. సీసాలో చేరిన నీళ్లని గీతలున్న గాజు గ్లాసులో పోసి కొలవాలి. ఒక గ్లాసు నిండితే ఇరవై మిల్లీమీటర్లు. ఎన్ని గ్లాసులైతే అన్ని ఇరవైలు, మిగిలింది గీత చూసి రాయాలి.

నాకు పని నేర్పింది గఫూర్ గారు. వన్‌టౌన్ మనిషి, వాళ్ల నాన్నగారికి గడియారాలు బాగుచేసే కొట్టుండేది. ఆ చెయ్యే ఈయనకీ వచ్చింది. మాట తక్కువ. తిట్టడం అసలు తెలీదు, అదే మాకు భయం. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది, ఏ పుస్తకంలోనూ లేదు. కొలిచిన నీళ్లు నేల మీద పారబొయ్యకూడదు. పక్కన బకెట్లో పోసుకోవాలి. అంకె రాయాలి, పైకి చదవాలి, బకెట్లో నీళ్లు మళ్లీ మొదటి నుంచి కొలవాలి. రెండు లెక్కలూ కలిస్తే అప్పుడు పారబొయ్యి. వానలో తడుస్తూ రెండుసార్లు కొలవడమేంటని మేం లోలోపల గొణుక్కునేవాళ్లం.

నా మొదటి తప్పు చేరిన రెండో ఏడు జరిగింది. ఆ రోజు కుంభవృష్టి. వెళ్లేసరికి సీసా నిండిపోయి ఉంది. సీసా నిండాక నీళ్లు పొర్లి చుట్టూ ఉన్న డబ్బాలోకి దిగుతాయి. వాటిని కూడా కొలవాలి, అవీ వానే. చేరిన కొత్తలో ఇది చెబుతారు, వింటాం, మర్చిపోతాం. గొడుగు ఎగిరిపోతోంది. సీసాలో నీళ్లు కొలిచాను, వంద చిల్లర వచ్చింది. డబ్బాలో నీళ్లు మురికి నీళ్లనుకుని ఒక్క ఊపున ఒంపేసి, డబ్బా కడిగి పెట్టేశాను. బకెట్టు పద్ధతి కూడా ఆ రోజే ఎగ్గొట్టాను.

గంట తర్వాత వేరే గేజీల నుంచి వచ్చిన అంకెలన్నీ నా దానికి రెట్టింపు ఉన్నాయి. గఫూర్ గారు నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"డబ్బాలో నీళ్లేవి?"

"పారబోసీసినానండి."

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక తన సైకిలు వెనకాల నన్ను ఎక్కించుకుని గెడ్డ ఒడ్డున, అంటే కొండవాగు ఒడ్డున, ఉన్న పేటకి తీసుకెళ్లారు. పైనుంచి గెడ్డకి ఎంత నీరొస్తుందో అంచనా వేసేవాళ్లకి ఆ పొద్దున్న సమయానికి అందింది నా అంకె ఒక్కటే. వంద అంటే ఫర్వాలేదులే అని జనాన్ని లేపలేదు. మేం వెళ్లేసరికి మొలలోతు నీళ్లు. ఒక ఇంట్లో మంచం పట్టిన ముసలాయన ఉండేవాడట, లేపేవాళ్లు లేక మంచం మీదే పోయాడు. అప్పటికి శవాన్ని తీసేశారు. మంచం ఉంది. గఫూర్ గారు దాని వైపు చూపించి, "చూడు బేటా, ఇవి నువ్వు పారబోసిన నీళ్లే" అన్నారు. తిరిగి సైకిలెక్కించుకుని తీసుకొచ్చారు.

ఆ రోజు అన్నం తినలేదు. ఈ సంగతి మా ఆవిడకి కూడా ఇన్నేళ్లలో చెప్పలేదు. ఇప్పుడు రాసేశాను, చదువుకుంటుంది.

మద్దిలపాలెంలో నాకు చెప్పిన పాఠం

ఇక ఈ కొత్త బజారు సంగతి. నాకు ఇది చెప్పింది సుబ్బరాజు. భీమవరం పక్క మనిషి, కుర్రతనంలో వచ్చి స్టీలు ప్లాంటులో క్రేను నడిపి, నాలాగే రిటైరయ్యాడు. పొద్దున్నే మద్దిలపాలెం బస్సు డిపో ఎదురుగా టీకొట్టు దగ్గర కలుస్తాం. ఒకరోజు కూర్చోగానే అడిగాడు.

"బావా, ఈ వచ్చే తుఫానుకి మనూళ్లో గాలి తొంభై దాటుద్దంటావా?"

"ఎందుకు, మీ డాబా మీద రేకులున్నాయా?"

"రేకులు కాదు బావా. నేను ఔను మీద ఉన్నాను."

నాకు ముక్క అర్థం కాలేదు. ఫోను తీసి చూపించాడు. ఓపిగ్గా చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక ప్రశ్న ఉంటుంది. జవాబు ఔను అయినా కావాలి, కాదు అయినా కావాలి, మధ్యలో ఏమీ ఉండకూడదు. ఫలానా రోజులోగా ఫలానా చోట గాలి గంటకి తొంభై కిలోమీటర్లు దాటుతుందా, వాన రెండొందల మిల్లీమీటర్లు దాటుతుందా, తుఫాను కళింగపట్నానికి ఇవతల తీరం దాటుతుందా అవతలా, ఇలాంటివి. ఔను చీటీ ఒకటి ఆరు రూపాయలకి దొరుకుతోందనుకోండి, కాదు చీటీ నాలుగుకి దొరుకుతుంది. రెండూ కలిపితే ఎప్పుడూ పది. చివరికి గాలి తొంభై దాటితే ఔను చీటీకి పదీ వస్తాయి, కాదు చీటీ చిత్తుకాగితం. దాటకపోతే తిరగబడుతుంది.

"ఆరు అంటే ఏంటనుకున్నావు? నూటికి అరవై పాళ్లు దాటుద్దని జనం మొత్తం మీద అనుకుంటున్నారన్నమాట. మబ్బు కమ్మిందనుకో, ఔను కొనేవాళ్లు ఎక్కువై ఏడుకి పోద్ది. తుఫాను ఒడిశా వైపు తిరిగిందన్నారనుకో, మూడుకి పడిపోద్ది. చివరి దాకా ఆగక్కర్లేదు, మధ్యలో అమ్మేసుకోవచ్చు."

"ఇలాంటివి గవర్నమెంటు మూయించలేదా?"

"ఒకటి మూస్తే ఇంకోటి లేచిద్ది బావా. ఇప్పుడు కుర్రాళ్లు ఫోను గ్రూపుల్లో సొంతంగా పెట్టేసుకుంటున్నారు. ఊరికో గ్రూపు."

ఇక్కడ నిజం చెప్పాలి. మొదట విన్నప్పుడు నాకు ఇది పిచ్చిపని అనిపించలేదు. మన ముందస్తు సూచనలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అక్కడక్కడ ఒక మోస్తరు నుంచి భారీ వర్షాలు, ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షాలు. పడినా మనమే గెలిచాం, పడకపోయినా మనమే గెలిచాం. ముప్పై నాలుగేళ్లు ఆ భాష విని నా చెవులు తుప్పు పట్టాయి. చేతిలో డబ్బు పెట్టి చెప్పాలంటే మనిషి కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని చెబుతాడు. పది మంది నిజాయితీగా కట్టిన అంచనా ఒక్కడి అంచనా కంటే చాలాసార్లు దగ్గరగా ఉంటుంది, అదీ చూశాను. రైతు పంటకి బీమా కడతాడు, వాన పడకపోతే డబ్బొస్తుంది. అది కూడా ఒక రకం పందెమే అంటే కాదనలేను.

కానీ రైతుకి పొలం ఉంది. పోయేది ఆయన పంట. ఈ గ్రూపులో ఔను కొన్నవాడికి గెడ్డ ఒడ్డున ఇల్లుందా? పడవుందా? ఏమీ లేదు. వాడికి గాలి తొంభై దాటాలి, అంతే. ఎవడి పైకప్పు ఎగిరితే వాడికేంటి. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. వీళ్లు ఇల్లు ఎప్పుడు కాలుతుందా అని చుట్ట నోట్లో పెట్టుకుని గుమ్మం ముందు కూర్చున్న రకం.

అప్పుడు సుబ్బరాజుని ఒకటే అడిగాను. "దాటిందో లేదో చెప్పేదెవరు?"

"గేజీ బావా. గేజీ ఎంతంటే అంత."

"ఆ గేజీ దగ్గర ఎవరుంటారు?"

"ఎవరో ఉంటారు."

ఒళ్లు మండిపోయింది. ఆ ఎవరో అన్నవాళ్లకి నేను పని నేర్పాను. వాళ్ల పేర్లు నాకు తెలుసు. మార్కెట్ గురించి మాట్లాడే చదువుకున్నవాళ్లు ధర గురించి గంటలు గంటలు చెబుతారు. ఆ ధరంతా చివరికి ఎవరి చేతిలో ఆగుతుందో ఒక్కడూ చూడడు. మన గేజీ మూతి ఎంతుంటుందో మీకు తెలుసు కదా, అన్నం పళ్లెం కంటే చిన్నది. ఆ మూతిలో ఒక్క లీటరు నీళ్లు పోస్తే యాభై మిల్లీమీటర్ల వాన పడ్డట్టే. రైల్వే స్టేషన్లో కొనుక్కునే నీళ్ల సీసా ఒకటి చాలు, మామూలు వానని విపత్తు చేసేయొచ్చు. గేజీ చుట్టూ ఉండేది ముళ్లకంచె, గేటుకి తీగ ముడి. కాపలా ఎవరూ ఉండరు. వాననీళ్లు దొంగిలించడానికి ఎవరొస్తారని మనం ఎప్పుడూ తాళం వెయ్యలేదు.

సత్యవతి ఫోను

సత్యవతి ఎలమంచిలి దగ్గర ఒక ఊళ్లో వాన కొలిచేది. ఊళ్లోని ఒక సర్కారు ఆఫీసు పెరట్లో గేజీ ఉంది. ఆవిడది పార్ట్‌టైం, నెలకిచ్చేది చెప్పుకుంటే సిగ్గు. మిగతా పొద్దంతా మిషను కుడుతుంది. పన్నెండేళ్లలో ఒక్క రోజు మానలేదు. నేను నేర్పినవాళ్లలో గఫూర్ గారి బకెట్టు పద్ధతి చివరి దాకా పట్టుకున్నది ఆవిడొక్కతే. పర్మినెంట్ చేస్తామని అప్పటికి ఫైలు నడుస్తోంది, ఇంకో రెండు సంతకాలయితే అయిపోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లల చదువు ఆ ఫైలు మీదే ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత జరిగిందంతా దీని మీదే.

ఆ రోజు ముసురు పట్టి రెండో రోజు. పొద్దున్న ఎనిమిదీ నలభైకి నాకు ఫోను చేసింది.

"సార్, నానండి, సత్యవతిని. గేజీ కంచె బయట ముప్పై మంది దాకా ఉన్నారండి. గ్లాసు గ్లాసుకీ పైకి లెక్కెడతన్నారు."

"ఎందుకమ్మా?"

"ఏటోనండి, నాకు తెల్దు. పది గ్లాసులయ్యేదాకా ఊపిరి బిగబట్టి సూసినారు. పదకొండోది ఎత్తీసరికి సగం మంది ఈలలండి, సగం మంది బూతులండి. ఫోన్లెట్టి వీడియో తీత్తన్నారు."

పది గ్లాసులంటే రెండొందలు. నాకు అప్పుడు వెలిగింది. వాళ్ల ఊరి గ్రూపులో ప్రశ్న అదే అయ్యుంటుంది, ఇవాళ్టి వాన రెండొందలు దాటుతుందా అని. ముందురోజు సాయంత్రం ఎవరో ఇద్దరు మిఠాయి పొట్లంతో వచ్చి, అంకె రాయకముందు మాకు ఫోను చెయ్యండి మేడం అని అడిగారట. ఈవిడ పొట్లం కూడా ముట్టుకోకుండా పంపేసింది.

"ఎంతొచ్చిందమ్మా?"

"రెండొందల పన్నెండండి. రెండోసారి కొలిసినా అంతే. కానీ సార్, గేటు తీగ ఇప్పీసుందండి. గేజీ సుట్టూ గడ్డి తొక్కీసినారు. నాకెందుకో అనుమానమొచ్చి బకెట్లో నీళ్లు ఏలితో నోట్లో ఏసుకున్నానండి. వాన నీరు సప్పగుంటాది కదండి. ఇది ఉప్పు తగుల్తంది. మా ఆపీసు బోరు నీళ్లండి ఇవి. పన్నెండేళ్లు తాగినాను, నాకు తెల్దా?"

పక్క మండలాల గేజీల్లో అంతా నూట అరవై లోపే ఉందని నాకు తర్వాత తెలిసింది. అంటే ఎవడో తెల్లారకముందు వచ్చి లీటరు పోశాడు. రెండొందలు దాటడానికి ఎంత కావాలో అంత, లెక్కగా.

"ఏటి రాయమంటారు సార్?"

నా రెండో తప్పు ఇక్కడుంది. చెబుతున్నాను, వినండి. ముప్పై నాలుగేళ్ల సర్వీసున్న మనిషిని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పాను. "గ్లాసు చూపించిందే రాయి తల్లీ. పక్కన రిమార్కుల్లో అనుమానంగా ఉందని, నీళ్లు కలిపినట్టున్నారని రాయి. ఆ నీళ్లు ఒక సీసాలో పోసి దాచు."

పుస్తకం ప్రకారం తప్పు కాదు. కానీ రిమార్కులు రిజిస్టర్లోనే ఉండిపోతాయి. పైకి వెళ్లే మెసేజీలో అంకె ఒక్కటే వెళుతుంది. మాటకి అందులో చోటే లేదు. ఇది నాకు తెలీదా? ఆ మెసేజీ ఎలా కట్టాలో ఊరూరా తిరిగి నేర్పిందే నేను. అంకె పంపొద్దమ్మా, ముందు పై ఆఫీసుకి ఫోను చెయ్యి అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు. అనుమానం ఉన్న అంకెని ఎప్పుడూ పంపకండి పిల్లలూ. ఆలస్యమైందని తిట్లు తినండి, మెమో తీసుకోండి, పంపకండి.

ఆవిడ నేను చెప్పినట్టే చేసింది. రెండొందల పన్నెండు అన్నది ఒంటరిగా పైకి పోయింది. అరగంటలో గెడ్డ పక్క కాలనీని లేపేశారు. వానలో చంటిపిల్లల్ని, ముసలివాళ్లని, మేకల్ని స్కూలుకి తోలారు. సాయంత్రం దాకా గెడ్డకి పెద్ద నీరే రాలేదు. తిరిగి ఇళ్లకి వెళితే సగం మందికి కోళ్లు లేవు, ఒకావిడకి గ్యాసు బండ పోయింది. నేను రెండు రోజుల తర్వాత అక్కడికి వెళ్లినప్పుడు ఆ గ్యాసు బండ పోయినావిడే నా మొహం మీద చెప్పింది.

"ఇంకోపాలి లెగమంటే మాం లెగం బాబూ. సత్తే ఇక్కడే సత్తాం."

దీనికి ఏ గ్రూపులోనూ ధర లేదు. ఇలాంటి జనం మాట ఆ ఆరూ నాలుగూ లెక్కల్లోకి రాదు. మార్కెట్ అందరి తెలివినీ ఒకచోట పోగేస్తుందని చెబుతారే, ఆ అందరిలో ఈవిడ లేదు.

ఇక గ్రూపులో గోల. కాదు కొన్నవాళ్లు సత్యవతే నీళ్లు పోసిందని అర్జీ పెట్టారు. ఔను కొన్నవాళ్లు, రిజిస్టర్లో ఆ అనుమానం ముక్క సంగతి పొక్కి గ్రూపు నడిపేవాళ్లు తమ డబ్బు ఆపేసేసరికి, ఆవిడ ఎవరి దగ్గరో లంచం తిని అలా రాసిందని ఇంకో అర్జీ పెట్టారు. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. రెండు అర్జీల్లోనూ పందెం అన్న మాట ఒక్కచోట లేదు. ప్రజా ప్రయోజనం అని రాశారు. నవ్వాలో ఏడవాలో తెలీదు.

విచారణ

పై ఆఫీసులో విచారణకి నన్నూ పిలిచారు, ఆవిడకి పని నేర్పినవాడినని. గదిలో ఉన్నది నలుగురం. ఆఫీసరు, ఆయన పక్కన టైపు చేసే గుమాస్తా, సత్యవతి, నేను. ఆఫీసరు కుర్రాడు, మర్యాదస్తుడే. అదే ఇంకా కోపం. గట్టిగా అరిచేవాడితో పోట్లాడొచ్చు.

సత్యవతి సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఆ నీళ్లేనండి. రుసి సూడండి."

ఆయన సీసా వైపు చూశాడు, ముట్టుకోలేదు. "ఈ నీళ్లు ఆ రోజువే అనడానికి సాక్ష్యం ఏముందమ్మా? మీరే కలిపి తెచ్చారని వాళ్లంటే?"

"నాను కలిపితే అనుమానమని నానే ఎందుకు రాత్తానండి?"

"దొరక్కుండా ఉండడానికి రాశారంటున్నారు."

నేను ఉండబట్టలేకపోయాను. కుర్చీలోంచి లేచాను. "అయ్యా, ఈవిడ పన్నెండేళ్లు వానలో నిలబడి రెండేసిసార్లు కొలిచింది. మీరు పంపే అంకెల్లో నేను కళ్లు మూసుకుని నమ్మేవి కొన్నే ఉన్నాయి, అందులో ఈవిడది ఒకటి. పోసినవాడు ఆ గ్రూపులో ఉన్నాడు. గ్రూపు ఈవిడ ఊళ్లోనే ఉంది. ఎవడెవడు ఔను కొన్నాడో ఫోనులో పేర్లతో సహా ఉంది. అది అడగరా?"

"అది నా పరిధిలోకి రాదండి. అది పోలీసు వాళ్లది. నా ముందున్నది అంకె తప్పా ఒప్పా అన్న ప్రశ్న. మీరు అనుభవజ్ఞులు, మీరే చెప్పండి. ఆ రోజు అసలు వాన ఎంత పడింది?"

ఎంత పడిందో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. ఇంక ఎప్పటికీ తెలీదు. పక్క ఊళ్లు చూసి నూట అరవై అనొచ్చు, కానీ అది ఊహ. ఊహ రాయకూడదని ముప్పై నాలుగేళ్లు పిల్లల చెవులు మెలిపెట్టింది నేనే. "తెలీదండి" అన్నాను. గుమాస్తా ఆ మాట కూడా టైపు చేశాడు. వాన సంగతి తెలీదని నేను రికార్డు మీద చెప్పడం అదే మొదటిసారి. తప్పు నాది, రిమార్కుల్లో రాయమన్నది నేనే అని కూడా చెప్పాను. అది విని ఆఫీసరు తలూపాడు. మీరు రిటైరయ్యారు కదండీ, మీ మీద చర్య ఏముంటుంది అన్నాడు.

బయట వరండాలో కూర్చోమన్నారు. ఆర్డరు మధ్యాహ్నం ఇస్తామన్నారు. బెంచీ మీద కూర్చున్నాం. సత్యవతి చేతి సంచి ఒళ్లో పెట్టుకుని తలుపు వైపే చూస్తోంది. ఆఫీసరు లోపలే ఉన్నాడు. గుమాస్తా ఒకసారి బయటికొచ్చి, బాత్రూం వైపు వెళ్లి, ఫోను చూసుకుంటూ మళ్లీ లోపలికి పోయాడు.

పన్నెండు ముప్పావుకి సుబ్బరాజు ఫోను చేశాడు. వాడి గొంతు ఎప్పటిలా లేదు.

"బావా, ఏం అనుకోవద్దు. ఎలమంచిలి గ్రూపులో నన్ను కూడా చేర్చారు. చెప్పాలా వద్దా అని పొద్దున్నించి చూస్తున్నాను. అందులో ఆవిడ మీద కూడా పెట్టారు."

"ఏం పెట్టారు?"

"వాన కొలిచే ఆవిడని తీసేస్తారా లేదా అని. ఔను చీటీ పొద్దున్న ఐదు రూపాయల మీద ఉంది బావా. అటూ ఇటూ సగం సగం. ఇప్పుడు ఒక్కసారిగా తొమ్మిదిన్నరకి లేచిపోయింది. ఎవడో తెలిసినవాడు కొన్నట్టున్నాడు."

నా ఫోను గొంతు పెద్దది, వయసొచ్చింది కదా, గట్టిగా పెట్టుకుంటాను. పక్కనున్న మనిషికి అంతా వినబడింది. నేను ఫోను పెట్టేసి ఆవిడ వైపు చూడలేకపోయాను. ఈ బజారుని పొగిడేవాళ్లు చెప్పే గొప్పదనం సరిగ్గా ఇదే. లోపలి సంగతి తెలిసినవాడు కొంటాడు, ధర కదులుతుంది, నిజం అందరికంటే ముందు లోకానికి తెలుస్తుంది. అవును, తెలిసింది. తెలియాల్సిన మనిషి కంటే ముందు వందల మందికి తెలిసింది. కాగితం మీద ఇంకా సంతకం కూడా పడలేదు.

"తొమ్మిదిన్నరంటే ఏటండి?" అని అడిగింది.

"ఖాయం అనుకుంటున్నారమ్మా" అన్నాను.

ఆవిడ సంచి తెరిచి, కొలిచే గ్లాసు బయటికి తీసింది. దాన్ని పాత చీర ముక్కలో చుట్టి తెచ్చుకుంది, అడుగుతారని ముందే అనుకున్నట్టుంది. చీర ముక్క విప్పి, గ్లాసుని కొంగుతో తుడిచి, వెలుతురులో పెట్టి గీతలు చూసింది. పగలలేదు. ముప్పావు గంట తర్వాత గుమాస్తా కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. విధుల నుంచి తొలగించడమైనది. ఫైలు సంగతి అందులో లేదు, ఉండక్కర్లేదు. ఆవిడ సంతకం పెట్టి, గ్లాసు అతని చేతికిచ్చింది. అతను దాన్ని ఎలా పట్టుకోవాలో తెలీక బల్ల చివర పెట్టాడు.

అప్పుడు అడిగింది, మెల్లిగా, నన్ను కాదు, అతన్ని.

"రేపొద్దున్న ఎవరు కొలుత్తారండి?"

గుమాస్తా లోపలికెళ్లి కనుక్కుని వచ్చాడు. ఇంకా ఎవరినీ వెయ్యలేదు, పది పదిహేను రోజులు పట్టొచ్చు అన్నాడు. మేం బస్సెక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. ఎలమంచిలి చేరేసరికి కుండపోత. ఆ వాన మూడు రోజులు పడింది. సత్యవతి ఊళ్లో ఎంత పడిందో ఎవరూ కొలవలేదు. ఆ కాలనీని ఎవరూ లేపలేదు, లేపినా వాళ్లు లేచేవారు కాదు. మూడో రోజు పొద్దున్న గెడ్డ కాలనీలోకి వచ్చింది.